నాదర్‌గుల్ నుంచి రెండు దారులు

నాదర్‌గుల్ గురించి అడిగితే ఈ రోజుల్లో ఎవరైనా ముందు గజం రేటు చెబుతారు. ఆ తర్వాతే ఎంవీఎస్ఆర్ ఇంజినీరింగ్ కాలేజీ, శిక్షణ విమానాలు దిగే చిన్న రన్‌వే, కొత్త వెంచర్ల కమాన్లు, పెద్ద పెద్ద ప్రహరీల వెనక ఉన్న ప్రైవేటు బడులు. రంగారెడ్డి జిల్లా బాలాపూర్ మండలంలోని ఈ ఊరు చార్మినార్‌కు ఇరవై కిలోమీటర్ల లోపే. పాత ఊరి నడుమ బొడ్రాయి, గుడి, మసీదు అన్నీ కూతవేటు దూరంలోనే ఉంటాయి. పొలాలు మాత్రం సర్వే నంబర్లుగా మారి, వాటిలో చాలావరకు ప్లాట్లయ్యాయి.

ఇక్కణ్నుంచి నగరంలోకి రెండు దారులున్నాయి. ఒకటి బడంగ్‌పేట, కర్మన్‌ఘాట్ మీదుగా ఎల్బీనగర్ వైపు పోతుంది. అక్కడ మెట్రో ఎక్కితే దిల్‌సుఖ్‌నగర్, మూసారాంబాగ్, మలక్‌పేట దాటి చాదర్‌ఘాట్ ఒడ్డుకు, మూసీ అవతల కోఠీకి చేరుస్తుంది. రెండో దారి పడమరగా, లడ్డూ వేలంపాటతో పేరు మోసిన బాలాపూర్ మీదుగా బర్కస్, చాంద్రాయణగుట్టకు పోతుంది. మొదటి దారిలో ఐటీ ఉద్యోగులు, కోచింగ్ సెంటర్ల పిల్లలు. రెండో దారిలో కూరగాయల ఆటోలు, గల్ఫ్ నుంచి సెలవుకొచ్చినవాళ్లు, పొద్దున్నే బర్కస్‌లో హరీస్ తినడానికి పోయే భోజనప్రియులు.

పందొమ్మిదో శతాబ్దం చివర్లో, ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో అరబ్ దేశాల ఆలోచనాపరులు, మన దేశపు ఆలోచనాపరులు వలస పాలన గురించి, భాష గురించి, చదువు గురించి పరస్పరం వాదించుకున్నారు. ఆ సంభాషణలో కొన్ని ముఖ్యమైన ఘట్టాలు ఈ రెండు దారుల చివర్లలోనే జరిగాయి. కైరో, బేరూత్, ప్యారిస్ చరిత్రలు చదివే వాళ్లకు హైదరాబాద్ పేరు తగులుతుంది. హైదరాబాద్ చరిత్ర చదివే తెలుగువాళ్లకు కైరో పేరు అంతగా తగలదు. ఆ చరిత్ర ఫార్సీ, ఉర్దూ, అరబ్బీల్లో ఉండిపోవడం దీనికి ఒక కారణం. అది మనది కాదులే అని మనం అనుకోవడం రెండో కారణం.

1879 ఆగస్టులో ఈజిప్టు పాలకుడు ఖెదీవ్ తౌఫీక్ ఒక పండితుణ్ని దేశం నుంచి వెళ్లగొట్టాడు. ఆయన జమాలుద్దీన్ అఫ్గానీ. నిజానికి ఆయన అరబ్బు కాదు. ఇరాన్‌లో పుట్టి, అఫ్ఘాన్‌నని చెప్పుకుని తిరిగిన మనిషి. అయితే ఆయనను ఆయనగా నిలబెట్టింది కైరో. 1871 నుంచి ఎనిమిదేళ్లు అక్కడున్నాడు. పాఠం చెప్పినా, కాఫీ హోటల్లో కూర్చున్నా చుట్టూ కుర్రాళ్లు మూగేవారు. వాళ్లలో ఒకడు మహమ్మద్ అబ్దూ, తర్వాత ఈజిప్టుకు ముఫ్తీ అయ్యాడు. ఇంకొకడు సాద్ జగ్లూల్, 1919లో బ్రిటిష్ వాళ్ల మీద ఈజిప్టు తిరుగుబాటుకు పెద్ద దిక్కయ్యాడు. యూరప్ బ్యాంకర్ల అప్పుల్లో దేశం మునిగిపోతుంటే పాలకుణ్నీ పరాయివాళ్లనూ కలిపి ప్రశ్నించమని వాళ్లకు నేర్పినవాడు అఫ్గానీ. వెళ్లగొట్టాక ఆయన ఓడలో మన దేశానికి వచ్చి, చివరికి హైదరాబాద్‌లో స్థిరపడ్డాడు.

ఆయన హైదరాబాద్‌కే రావడానికి కారణాలు వెతకడం కష్టం కాదు. అప్పటికి సంస్థానంలో దర్బారు భాష ఫార్సీ, ఉర్దూ ఆ స్థానంలోకి రావడానికి ఇంకా నాలుగైదేళ్లుంది. అంటే ఆయనకు దుబాసీ అక్కర్లేదు. మొదటి సాలార్ జంగ్ దివానుగా ఉన్నాడు. ఉత్తరాది నుంచి చదువుకున్న ముస్లిం యువకులు ఉద్యోగాలకు వచ్చి చేరుతున్నారు. ఛాపఖానాలు ఉన్నాయి, పత్రికలు ఉన్నాయి. పైన నిజాం ఉన్నాడు కాబట్టి కలకత్తాలోలాగా తెల్లవాళ్ల పాలన నేరుగా కనిపించదు. కోఠీలో రెసిడెంటు మాత్రం అన్నీ చూస్తూనే ఉంటాడు.

1880 డిసెంబరులో మదర్సా-ఎ-అయిజ్జాలో లెక్కలు చెప్పే మౌల్వీ మహమ్మద్ వాసిల్ అఫ్గానీకి ఒక ఉత్తరం రాశాడు. ఆ మదర్సా ఉన్నత కుటుంబాల పిల్లల కోసం పెట్టిన బడి. ఎక్కడ విన్నా నేచర్ నేచర్ అంటున్నారు, ఈ నేచరీలు ఎవరు, వీళ్ల మతం ఏమిటి, ఇది పాతదా కొత్తదా అన్నది ఆ ఉత్తరం సారాంశం. నేచరీ అన్నది అలీగఢ్‌లో సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ అనుచరులకు ఎగతాళిగా పడిన పేరు. ప్రకృతి సూత్రాలకు లోబడే మతాన్ని అర్థం చేసుకోవాలని, బ్రిటిష్ వాళ్లతో సఖ్యంగా ఉండి ఇంగ్లిష్ చదువుతో బాగుపడాలని సర్ సయ్యద్ చెబుతున్న కాలం అది. అఫ్గానీ జవాబు ఉత్తరంతో ఆగలేదు. ఫార్సీలో ఒక పుస్తకమే అయింది. 1881లో అది హైదరాబాద్‌లోనే అచ్చయింది. అయిదేళ్లకు, బేరూత్‌లో ప్రవాసంలో ఉన్న అబ్దూ దాన్ని అరబ్బీలోకి తెచ్చాడు. అలా భౌతికవాద ఖండనగా అరబ్ దేశాల్లో తరతరాలు చదివిన ఆ పుస్తకానికి మూలం హైదరాబాద్‌లో ఒక లెక్కల పంతులు వేసిన ప్రశ్న.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. నాకు అంతకంటే ముఖ్యంగా కనిపించేవి ఆయన ఇక్కడ రాసిన వ్యాసాలు. ముహిబ్ హుస్సేన్ అనే సంస్కర్త నడిపిన ‘ముఅల్లిమ్-ఎ-షఫీఖ్’ అనే పత్రికలో 1880, 1881 సంవత్సరాల్లో అవి వచ్చాయి. తర్వాత ఆడపిల్లల చదువు కోసం ప్రత్యేకంగా ఇంకో పత్రిక పెట్టినవాడు కూడా ఈ ముహిబ్ హుస్సేనే. తత్వశాస్త్రం వల్ల ఏం లాభం, పత్రికల వల్ల ఏం ప్రయోజనం, జాతి ఐక్యతకు భాషకు సంబంధం ఏమిటి అన్నవి ఆ వ్యాసాల్లోని విషయాలు. మూడోదాన్ని మనం కొంచెం నిదానంగా చూడాలి.

మనుషుల్ని కలిపి ఉంచేవి భాష, మతం అని అఫ్గానీ మొదలుపెడతాడు. ఆ రెండింటిలో ఏది గట్టిది అని అడిగి, భాషే అంటాడు. ఒక జాతి మతం మార్చుకుని కూడా జాతిగానే ఉండగలదని, భాష పోతే జాతి మిగలదని ఆయన వాదం. కాబట్టి కొత్త శాస్త్రాలను సొంత భాషలోకి తెచ్చుకోవాలి, పిల్లలకు పరాయి భాషలో చదువు చెబితే ఆ చదువు నేలలో వేళ్లూనదు అని చెప్పాడు. ఇస్లాం ఐక్యత పేరుతో లోకమంతా గుర్తుపెట్టుకున్న మనిషి, హైదరాబాద్‌లో కూర్చుని మతం కంటే భాష బలమైనదని రాశాడు. అదే ఏడాది, అదే ఊళ్లో, మతం లేకపోతే సమాజం కూలిపోతుందనే పుస్తకం కూడా ఆయనే రాశాడు. పరిశోధకులు ఈ వైరుధ్యం మీద తలలు పట్టుకున్నారు. ఆయన ఎదుటివాణ్ని బట్టి మాట మార్చేవాడని కొందరన్నారు. అది కొంత నిజమే కావచ్చు. నాకు మాత్రం రెండు రాతల్లోనూ ఒకే శత్రువు కనబడతాడు. బ్రిటిష్ వాడి చలవతో, బ్రిటిష్ వాడి భాషలో బాగుపడదాం అనేవాడే ఆ శత్రువు. వాడి మీద విసరడానికి ఏ రాయి దొరికితే ఆ రాయి తీశాడు.

ఈ వాదన హైదరాబాద్‌లో ఎంత ఇబ్బందికరమైనదో అప్పుడు ఎవరైనా గమనించారా అన్నది నా ప్రశ్న. ఎందుకంటే ఆ వ్యాసం చదువుతున్న హవేలీలు దాటి తూర్పుకు, దక్షిణానికి నాలుగు కోసులు నడిస్తే వచ్చేవి తెలుగు పల్లెలు. నగరం చుట్టూ ఉన్న అత్రాఫ్-ఎ-బల్దా జిల్లాలో పెద్ద భాగం సర్ఫ్-ఎ-ఖాస్ కింద ఉండేది. అంటే ఆ శిస్తు నేరుగా నిజాం సొంత ఖజానాకు పోయేది. నాదర్‌గుల్ చుట్టుపక్కల రైతు ఇంట్లో మాట్లాడే భాష ఒకటి, దివాణం కాగితం మీద భాష ఇంకొకటి. మొత్తం సంస్థానంలో తెలుగు మాట్లాడేవాళ్లు దాదాపు సగం. ఉర్దూ ఇంటి భాషగా ఉన్నవాళ్లు పదో వంతుకు అటూఇటూ. భాషే జాతికి వేరు అన్న మాటను నిజాయితీగా ఈ నేలకు వర్తింపజేస్తే, అది ఆ మాట చెప్పిన పండితుడికి ఆశ్రయమిచ్చిన ప్రభుత్వానికే ఎదురు తిరుగుతుంది.

1882లో ఈజిప్టులో అహ్మద్ ఉరాబీ నాయకత్వాన తిరుగుబాటు రేగితే, అఫ్గానీని బ్రిటిష్ వాళ్లు హైదరాబాద్ నుంచి కలకత్తాకు రప్పించి, ఆ గొడవ అణిగేదాకా కదలనివ్వలేదని అబ్దూ రాశాడు. కలకత్తాలో ఆ నవంబరులో ఆల్బర్ట్ హాల్లో ఆయన ఉపన్యాసమిచ్చాడు. విజ్ఞానానికి ముస్లిం విజ్ఞానం, యూరప్ విజ్ఞానం అని రెండు ఉండవని వాదించాడు. తర్వాత ప్యారిస్ వెళ్లి, 1884లో అబ్దూతో కలిసి ‘అల్-ఉర్వా అల్-వుత్ఖా’ అనే అరబ్బీ పత్రిక నడిపాడు. అది పద్ధెనిమిది సంచికలతో ఆగింది. ఈజిప్టులోకి, మన దేశంలోకి రాకుండా బ్రిటిష్ వాళ్లు దాన్ని నిషేధించారు. భారతదేశం గురించి దానిలో ఉన్న కోపం చాలావరకు ఆ మూడేళ్ల అనుభవం నుంచి పుట్టిందే.

అఫ్గానీ మన దేశం వదిలి వెళ్లిన ఏడాదికి ఆయన స్నేహితుడొకరు హైదరాబాద్ వచ్చాడు. ఆంగ్ల కవి విల్ఫ్రిడ్ బ్లంట్. ఉరాబీ ఓడిపోయి పట్టుబడితే సొంత డబ్బుతో లాయర్లను పెట్టించిన మనిషి. మన దేశానికి వచ్చేటప్పుడు దారిలో కొలంబోలో దిగి, సింహళంలో ప్రవాసంలో ఉన్న ఉరాబీని పలకరించి, మద్రాసు మీదుగా వచ్చాడు. 1884 ఫిబ్రవరిలో యువ నిజాం మహబూబ్ అలీఖాన్‌కు వైస్రాయ్ రిప్పన్ పూర్తి అధికారాలు అప్పగించిన రోజులవి. ఇక్కడ ఒక ముస్లిం విశ్వవిద్యాలయం పెట్టాలని బ్లంట్ ప్రతిపాదించాడు. నిజాం సరేనన్నాడు. అది కాగితం మీదే మిగిలింది.

ఇప్పుడు రెండో దారికి వద్దాం. బాలాపూర్ దాటాక బోర్డుల మీద ఉర్దూ పక్కన అరబ్బీ అక్షరాలు మొదలవుతాయి. బర్కస్‌లో స్థిరపడ్డవాళ్లు చాలామంది యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుంచి నిజాం ఫౌజులోకి వచ్చిన సైనికుల సంతతి. హైదరాబాద్ వాళ్లు చావుషులని పిలుస్తారు. లుంగీ, మండీ, హరీస్, జామపళ్లు ఇవే బర్కస్ అంటే మన పత్రికలు రాసేవి. రాయనిది ఇంకొకటుంది. హద్రమౌత్‌లో ముకల్లా రేవు నుంచి పాలించిన కుఐతీ సుల్తానుల కుటుంబం హైదరాబాద్‌లో జమేదార్లుగా ఎదిగిన కుటుంబం. ఇక్కడి జీతాలతో, జాగీర్లతో అక్కడ రాజ్యం కట్టారు. 1888లో ఆ రాజ్యం బ్రిటిష్ రక్షణ కిందకు పోయింది. ఒక వలస సామ్రాజ్యంలోని సంస్థానం డబ్బు అదే సామ్రాజ్యం కింద ఇంకో సంస్థానాన్ని నిలబెట్టింది. కాబట్టి అరబ్బులంటే తిరుగుబాటు, హైదరాబాద్ అంటే విధేయత అని గీత గీయడం కుదరదు. ఆ రెండూ రెండు చోట్లా కలిసే ఉన్నాయి.

హద్రమౌత్ నుంచి ఫౌజు మాత్రమే రాలేదు. తరీమ్ పట్నపు కవి, పండితుడు అబూబకర్ బిన్ షిహాబ్ జీవితంలో చాలా భాగం హైదరాబాద్‌లో గడిపాడు. మక్కా, ఇస్తాంబుల్, ఈజిప్టు, సింగపూర్, జావా తిరిగిన మనిషి. సయ్యద్ వంశాల ఆధిక్యం మీద, చరిత్రలో ఎవరిది న్యాయం ఎవరిది అన్యాయం అన్న దాని మీద హద్రమీ లోకంలో చెలరేగిన వాదాల్లో ఆయన, ఆయన శిష్యులు గట్టిగా నిలబడ్డారు. 1922లో హైదరాబాద్‌లోనే కన్నుమూశాడు. అరబ్బీ కవిత్వ చరిత్రలో పేరున్న మనిషి మన ఊళ్లో పోయాడని మనలో ఎంతమందికి తెలుసు?

ముల్లా అబ్దుల్ ఖయ్యూం పేరు కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 1883లో చాందా రైలు ఒప్పందంలో సంస్థానం డబ్బు ఇంగ్లిష్ కంపెనీకి పోతోందని గొంతెత్తినవాళ్లలో ఆయన ఒకరు. ఆ గొడవలోనే, హైదరాబాద్ కాలేజీని నిలబెట్టిన అఘోరనాథ్ చటోపాధ్యాయను సంస్థానం నుంచి బయటికి పంపేశారు. కాంగ్రెస్‌ను బాహాటంగా సమర్థించిన తొలితరం హైదరాబాదీల్లో ముల్లా ఒకరు. హిజాజ్ రైలుమార్గానికి చందాలు పోగుచేసిందీ ఆయనే. సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామీ, మౌలానా అన్వరుల్లా ఖాన్‌లతో కలిసి 1888లో ఆయన ఒక సంస్థ పెట్టాడు. పేరు దాయిరతుల్ మఆరిఫ్. అరబ్బీ రాతప్రతులను వెతికి, సరిచూసి, అచ్చువేయడం దాని పని. ఇప్పుడది ఉస్మానియా క్యాంపస్‌లో ఉంది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి మూసారాంబాగ్ వంతెన, అంబర్‌పేట మీదుగా పోతే అట్టే దూరం కాదు.

దాయిరా చేసిన పని అంత పెద్దదని హైదరాబాదీలకే తెలియదు. హదీసు ఉల్లేఖకుల జీవితాల మీద ఇబ్న్ హజర్ రాసిన పన్నెండు సంపుటాలు, హాకిమ్ ‘ముస్తద్రక్’, ఇబ్న్ అల్-జౌజీ చరిత్ర గ్రంథం ‘అల్-ముంతజమ్’, కాంతిశాస్త్రం మీద ఇబ్న్ అల్-హైసమ్ కృషికి కమాలుద్దీన్ ఫారిసీ రాసిన వ్యాఖ్యానం, ఇవన్నీ ఇక్కడ అచ్చయ్యాయి. కైరోలోనో డమాస్కస్‌లోనో ఒక పండితుడు ఈ గ్రంథాల నుంచి ఏదైనా ఉదహరిస్తే అట్టడుగున ‘హైదరాబాద్ దక్కన్ ముద్రణ’ అని రాయాల్సిందే. లాఠీలు, జైళ్లు లేని ఈ పనిని వలస వ్యతిరేకత అనాలా అని ఎవరైనా అడగొచ్చు. అనాలనే నా అభిప్రాయం. అరబ్బీ విజ్ఞానాన్ని లైడెన్, ప్యారిస్, లండన్ పండితులే వెలికితీయగలరన్న ధీమా నడుస్తున్న రోజుల్లో, జీతం తక్కువ ప్రూఫ్‌రీడర్లతో మూసీ ఒడ్డున ఆ పని చేసి చూపించారు.

ఆజంగఢ్ పండితుడు షిబ్లీ నూమానీ 1901 నుంచి నాలుగేళ్లపాటు నిజాం ప్రభుత్వ విద్యాగ్రంథ శాఖలో పనిచేసి ఇక్కడే ‘అల్-గజాలీ’ లాంటి పుస్తకాలు రాశాడు. అంతకుముందు 1892లో కైరోలో అబ్దూను కలిసొచ్చాడు. తర్వాత, ఈజిప్టులో పేరుమోసిన లెబనాన్ రచయిత జుర్జీ జైదాన్ ఇస్లాం నాగరికత చరిత్ర రాస్తే, అందులో అరబ్బులను కించపరిచాడంటూ 1912లో అరబ్బీలోనే విమర్శ రాశాడు. కైరో పత్రిక ‘అల్-మనార్’ దాన్ని వేసింది. అరబ్బుల గౌరవం కోసం ఒక అరబ్బు రచయితను, వాళ్ల భాషలోనే, వాళ్ల పత్రికలోనే నిలదీసినవాడు ఆజంగఢ్ వాడు. శిష్యుడు గురువుకు పాఠం చెప్పినట్టుంది కదా! రాకపోకలు ఒకవైపే జరగలేదనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి.

మళ్లీ మొదటి దారి. మలక్‌పేట దాటగానే చాదర్‌ఘాట్. 1925లో ఇక్కడి హైస్కూలుకు కొత్త హెడ్మాస్టరు వచ్చాడు. పేరు మార్మడ్యూక్ పిక్తాల్. ఇంగ్లండులో పాదిరీ కొడుకు, నవలాకారుడు, ఇస్లాం స్వీకరించినవాడు. అంతకు ముందు బొంబాయి క్రానికల్ సంపాదకుడిగా సహాయ నిరాకరణను సమర్థించాడు. చాదర్‌ఘాట్‌లో పిల్లలకు చదువు చెబుతూ 1927లో ‘ఇస్లామిక్ కల్చర్’ అనే ఇంగ్లిష్ త్రైమాసిక పత్రిక మొదలుపెట్టాడు. ఖురాన్‌ను ఇంగ్లిష్‌లోకి తెచ్చే పని కోసం నిజాం ప్రభుత్వం ఆయనకు జీతంతో సెలవిచ్చింది. 1929లో ఆ రాతప్రతి పట్టుకుని కైరో వెళ్లాడు. అల్-అజ్‌హర్ పండితులకు చూపించి సందేహాలు తీర్చుకోవాలని ఆయన ఆశ. అయితే అసలు ఖురాన్‌ను వేరే భాషలోకి తేవడమే తప్పు అనే వాళ్లు అజ్‌హర్‌లో గట్టిగా ఉన్నారు. రెక్టారుగా పనిచేసిన ముస్తఫా అల్-మరాగీ వంటి ఉదారులతో మాట్లాడుకుని, 1930లో పుస్తకం తెచ్చాడు. చాదర్‌ఘాట్ హెడ్మాస్టరు పుణ్యమా అని, అనువాదం చేయవచ్చా లేదా అనే చర్చ కైరోలో మళ్లీ రాజుకుంది. ఇటు తెలుగునాట చిలుకూరి నారాయణరావు ఈ గొడవలేవీ లేకుండా ఖురాన్‌ను తెలుగు చేశాడు. అనంతపురం కాలేజీలో తెలుగు పండితుడాయన.

అఫ్గానీ వ్యాసంలోని సలహాను, సొంత భాషలోకి శాస్త్రాలను తెచ్చుకోండి అన్నదాన్ని, చివరికి అమల్లో పెట్టిందీ ఈ నగరమే. 1917లో అనువాద శాఖ, 1918లో ఉర్దూ మాధ్యమంగా ఉస్మానియా విశ్వవిద్యాలయం వచ్చాయి. వైద్యం, ఇంజినీరింగ్ కూడా ఇంగ్లిష్ కాకుండా ఒక దేశభాషలో డిగ్రీ స్థాయిలో చెప్పడం బ్రిటిష్ ఇండియాలో ఎక్కడా జరగని సాహసం. సాంకేతిక పదాల్లో చాలావాటిని అరబ్బీ ధాతువుల నుంచి తయారుచేశారు. తర్వాత ఆర్ట్స్ కాలేజీ కట్టడానికి ఆర్కిటెక్టులు దేశాలు తిరిగి, కైరో పక్కన హీలియోపొలిస్ కట్టడాలు గీసిన బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్‌ను పట్టుకొచ్చారు. ఆ భవనం ముందు ఫొటోలు దిగే పిల్లలకు కైరో వాసన తగలకపోయినా గోడల్లో అది ఉంది.

ఆ సాహసంలో తెలుగు ఎక్కడుంది? ఒక సబ్జెక్టుగా ఉంది. రాయప్రోలు సుబ్బారావు అక్కడ తెలుగు చెప్పారు. పిల్లవాడు లెక్కలు, చరిత్ర తెలుగులో చదివే వీలు మాత్రం లేదు. 1921 నవంబరు 12న కోఠీ దగ్గరి వివేకవర్ధిని హాల్లో మహారాష్ట్ర సంస్కర్త కర్వే అధ్యక్షతన సంఘ సంస్కరణ సభ జరిగింది. ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు తెలుగులో మాట్లాడటానికి లేస్తే గోలచేసి కూర్చోబెట్టారు. ఆ రాత్రి టేకుమాల రంగారావు ఇంట్లో పదకొండు మంది కూర్చుని ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. అందులోంచే ఆంధ్ర మహాసభ వచ్చింది. అయిదేళ్లకు సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక వచ్చింది. భాష పోతే మనం మిగలం అన్న మాటను, నలభై ఏళ్ల ముందు ఇదే నగరంలో ఫార్సీలో అచ్చయిన మాటను, తెలుగువాళ్లు ఆ పండితుడి పేరు వినాల్సిన అవసరం లేకుండానే అవమానం ద్వారా నేర్చుకున్నారు. అఫ్గానీ వాదానికి హైదరాబాద్‌లో అసలైన వారసులు ఉర్దూ విశ్వవిద్యాలయం వాళ్లు ఒక్కరే కాదు, ఆ రాత్రి పోగైన పదకొండు మంది కూడా.

అఘోరనాథ్ ఇంటి పిల్లల్ని చూస్తే ఈ కథ నగరం గోడలు దాటి ఎంత దూరం పోయిందో అర్థమవుతుంది. సరోజిని అందరికీ తెలుసు. తెలుగు డాక్టరు గోవిందరాజులు నాయుడిని పెళ్లాడింది. ఆ పెళ్లి మద్రాసులో చేయించినది కందుకూరి వీరేశలింగం. ఆమె తమ్ముడు వీరేంద్రనాథ్ 1880లో ఇక్కడే పుట్టాడు. చట్టో అని పిలిచేవారు. లండన్, ప్యారిస్‌లలో విప్లవకారుల్లో కలిశాడు. మొదటి ప్రపంచయుద్ధంలో బెర్లిన్‌లో భారత కమిటీ నడిపాడు. అదే బెర్లిన్‌లో అబ్దుల్ అజీజ్ జావీష్, మహమ్మద్ ఫరీద్ వంటి ఈజిప్టు ప్రవాసులు కూడా బ్రిటన్ మీద పత్రికలు, పథకాలు తయారుచేస్తున్నారు. ఇద్దరికీ జర్మనీయే దిక్కు, ఇద్దరికీ జర్మనీ మీద అనుమానమే. సూయజ్ కాలువ కాపలా ఉన్న భారత సిపాయిలను తిప్పుకోవాలన్నది ఆ రోజుల ఆలోచన. ఫలించలేదు.

చట్టో పెద్దపని ఆ తర్వాతిది. 1927 ఫిబ్రవరిలో బ్రస్సెల్స్‌లో ఎగ్మాంట్ భవనంలో వలస దేశాల మహాసభ జరిగింది. సామ్రాజ్యవాద వ్యతిరేక లీగ్ అక్కడే పుట్టింది. నిర్వాహకుల్లో చట్టో ముఖ్యుడు. కాంగ్రెస్ తరఫున నెహ్రూ వచ్చాడు. ఈజిప్టు, సిరియా, ట్యునీషియా ప్రతినిధులు వచ్చారు. అల్జీరియా కార్మికుల తరఫున మెస్సాలీ హాజ్ లేచి ఫ్రాన్సు సైన్యం వెళ్లిపోవాలని, అల్జీరియాకు పూర్తి స్వాతంత్ర్యం కావాలని అడిగాడు. మన కాంగ్రెస్ ఇంకా అధినివేశ ప్రతిపత్తి దగ్గరే ఉన్న రోజులు. పూర్ణ స్వరాజ్యం తీర్మానానికి నెహ్రూ పట్టుబట్టింది ఆ ఏడాది చివర్లో మద్రాసులో. బ్రస్సెల్స్ ప్రభావం ఆయన మీద ఉందని ఆయనే ఒప్పుకున్నాడు. చట్టో మాత్రం తిరిగి హైదరాబాద్ చూడలేదు. 1937లో స్టాలిన్ ప్రభుత్వం ఆయన్ను కాల్చి చంపింది.

1939 త్రిపురి కాంగ్రెస్‌కు ఈజిప్టు వఫ్ద్ పార్టీ ప్రతినిధి బృందం వచ్చింది. తెలుగువాళ్లకు త్రిపురి అంటే పట్టాభి ఓటమి గుర్తొస్తుంది కానీ జగ్లూల్ వారసులు అక్కడ కూర్చున్న సంగతి గుర్తురాదు. 1947 మార్చిలో ఢిల్లీ పాత కోటలో ఆసియా సంబంధాల మహాసభకు సరోజినీ నాయుడు అధ్యక్షురాలు. ఈజిప్టు వాళ్లు, పాలస్తీనా యూదుల ప్రతినిధులు ఇద్దరూ వచ్చారు. పాలస్తీనా మాట వచ్చేసరికి సభలోనే రెండు వర్గాలకూ వాగ్వాదం జరిగింది.

ఆ మరుసటి ఏడాది సెప్టెంబరులో భారత సైన్యం హైదరాబాద్‌లోకి వచ్చింది. నాదర్‌గుల్ వైపు పల్లెల్లో చాలామందికి అది రజాకార్ల నుంచి విడుదల. బర్కస్ వాళ్లకు అది వేరే రోజు. అరబ్బులను నిర్బంధించారు, కొందరిని ఓడలెక్కించి పంపేశారు. ఉస్మానియాలో చదివి అక్కడే న్యాయశాస్త్రం చెప్పిన మహమ్మద్ హమీదుల్లా నిజాం ప్రతినిధి బృందంతో ఐక్యరాజ్యసమితికి వెళ్లినవాడు. ఆయన తిరిగి రాలేదు. ప్యారిస్‌లో ఉండిపోయి, ఖురాన్‌ను ఫ్రెంచిలోకి తెచ్చి, హదీసుల తొలి సంకలనాల్లో ఒకటైన హమ్మామ్ బిన్ మునబ్బిహ్ ప్రతిని వెలికితీసి అచ్చువేశాడు. 2002లో అమెరికాలో మరణించేదాకా తన్ను తాను దేశం లేనివాడిగానే చూసుకున్నాడు. వలస పాలన అంటే ఏమిటన్న ప్రశ్నకు ఒకే దారిలోని రెండు ఊళ్లు రెండు జవాబులు చెప్పిన కాలం అది. ఇప్పటికీ సెప్టెంబరు 17 వస్తే ఆ రోజును ఏ పేరుతో పిలవాలన్న దాని మీద కొట్లాట తెమలదు.

దాయిరా ప్రెస్సు మాత్రం ఆగలేదు. ఉస్మానియా ఉర్దూ మాధ్యమం పోయింది, నిజాం జీతాలు పోయాయి, డబ్బు కొత్త చోటి నుంచి వచ్చింది. 1954లో అల్-బీరూనీ ఖగోళ గ్రంథం ‘ఖానూన్ మసూదీ’ మొదలైంది, మూడు సంపుటాలు. మరుసటి ఏడాది నుంచి రాజీ వైద్య గ్రంథం ‘హావీ’, ఇరవై మూడు సంపుటాలు. 1958లో భారతదేశం గురించి బీరూనీ రాసిన పుస్తకం, అరబ్బీలో. పుస్తకాల మొదటి పుట మీద భారత ప్రభుత్వ విద్యా మంత్రిత్వ శాఖ పేరు ఉంటుంది. ఆ పథకాలు మొదలైనప్పుడు విద్యామంత్రి మౌలానా ఆజాద్. ఆయన పుట్టింది మక్కాలో.